బొంతలో కుట్టిన నోటీసులు

అయినా, తలుపు లేనిదాన్ని ఇల్లని ఎట్లా అనడం? గోడలు నాలుగూ ఉంటాయి. పైన మిద్దె ఉంటుంది. పొయ్యి మీద సంగటి ఉడుకుతూనే ఉంటుంది. కానీ దారిన పోయే ప్రతివాడూ తల తిప్పి చూస్తాడు, చూడకపోయినా చూసినట్టే ఉంటుంది. మనుషులకంటె ముందు కుక్కకు తెలుస్తుంది. గడప దగ్గర ఆగుతుంది, వాసన చూస్తుంది, ఎవరూ అదిలించలేదని నమ్మకం కుదిరాక ముందొక కాలు లోపల పెడుతుంది. ఆ కాలును తిమ్మమ్మ చూసింది. ఇప్పుడు కాదు, ముప్పై ఆరేళ్ల కిందట. బక్క కాలు, గోళ్ల సందున తెల్లటి దుమ్ము.

సూది వేలికి దిగింది. తిమ్మమ్మ ఉలిక్కిపడి వేలు నోట్లో పెట్టుకుంది.

వీధి తలుపు వైపు చూసింది. రెండు రెక్కల తలుపు. కుడి రెక్క ఓరగా తీసి ఉంది, ఎడమ రెక్కకు ఎప్పటిలాగే గడియ వేసి ఉంది. ఉంది, ఇంకా ఉంది. ఎండ ఇంకా ఎదురింటి గోడ సగం దాకానే దిగింది. బిల్లు కలెక్టరు బొజ్జన్న వస్తానన్నది పది గంటలకు.

నిన్న మధ్యాహ్నం సందు మొగదల తప్పెట మోగింది. ఎవరి ఆవు తప్పిపోయిందో అనుకుంది. తప్పెట వాడు సరిగ్గా ఆమె వాకిలి ముందర నిలబడి, గొంతు సవరించుకుని చెప్పాడు: "ఆలూరు కంబన్న ఇంటికి పన్ను బాకీ ఉండాది! కట్టకుంటే రేపు పది గంటలకు జప్తు!" సందులో ఆడవాళ్లందరూ వాకిళ్లలోకి వచ్చారు. తిమ్మమ్మ ఒక్కతే లోపలికి పోయింది.

పన్ను బాకీ ఉన్న ఇంటికి తలుపులు ఊడదీసుకుపోతారని ఆమెకు ఎవరూ చెప్పనక్కరలేదు.

ఇంతకూ ఇల్లు ఆమెది కాదు. తమ్ముడు కంబన్నది. కరువులో ఆలూరు దగ్గర చేను పోగొట్టుకున్న తండ్రి కర్నూలుకు వచ్చి, పత్తి మిల్లులో మూటలు మోసి, బురుజు వెనకాల సందులో ఈ మిద్దె కొన్నాడు. చనిపోతూ కొడుకు పేర రాసి పోయాడు. ఆ కొడుకు ఇల్లరికపు అల్లుడై మళ్లీ ఆలూరే చేరాడు. ఎనిమిదేళ్ల కిందట మొగుడు పోయిన తిమ్మమ్మ ఒక ట్రంకుపెట్టెతో ఇక్కడికి వచ్చింది. పిల్లలు లేరు. ఊరికే ఉండనని పట్టుబట్టింది. "బాడుగ తీసుకుంటేనే ఉంటా" అంది. కంబన్న నవ్వి నెలకు ఐదు రూపాయలన్నాడు. ఆ ఐదూ ఏ నెలా తప్పలేదు. ఆ డబ్బు ఇచ్చిన రోజు ఆమె అన్నం ఒక ముద్ద ఎక్కువ తినేది.

మొదటి ఏడు పన్ను వసూలుకు వచ్చినవాడు లేవి అనే ముసలి బిల్లు కలెక్టరు. "ఇది ఇల్లు గలవాళ్లు కట్టాల్సిందమ్మా, ఆలూరుకు జాబు రాయించు" అన్నాడు. తిమ్మమ్మ జాబు రాయించలేదు. ఆ జాబు చదువుతున్న మరదలి మొహం ఆమెకు కళ్లకు కట్టింది. ఎవరూ లేకుండా తాళం వేసి ఉంటే ఇంత ఖర్చు ఉండేదా అన్నట్టు చూస్తుంది మరదలు. ఆ చూపు తమ్ముడికి అంటుకుంటుంది. తర్వాత ఎప్పుడో, మంచిగానే, నవ్వుతూనే, "అక్కా, ఇంకెక్కడన్నా చూసుకుంటావా" అంటాడు. ఇదంతా నిమిషంలో జరిగిపోయింది ఆమె లోపల. బొంతలు కుట్టగా వచ్చిన డబ్బు తెచ్చి లేవి చేతిలో పెట్టింది. "రశీదు ఎవరి పేర రాయాల?" అంటే "నా తమ్ముని పేరే రాయి" అంది. అట్లా ఏడేళ్లు, ఏడాదికి రెండుసార్లు. ఎవరికీ చెప్పలేదు. పెట్టెలో పెడితే చెదలు తింటాయని రశీదులను తాను పడుకునే బొంతలో, తల పెట్టుకునే వైపు, రెండు చీరల మధ్య పరిచి కుట్టేసింది.

రెండేళ్ల కిందట కర్నూలు రాజధాని అయింది. గుడారాల్లో కాపురాలు పెట్టిన గుమాస్తాలకు చలికి బొంతలు కావలసి వచ్చాయి. తిమ్మమ్మ చేతికి ఖాళీ లేకుండా పోయింది. ఇల్లు అనేదానికి తెగ గిరాకీ పుట్టింది. పశువుల కొట్టాలకు సున్నం కొట్టి బాడుగకిచ్చారు. ఇదే సందులో పదిహేనేళ్లుగా ఉన్న ఒక కాపురాన్ని, పొయ్యి మీది కుండతో సహా, వీధిలో పెట్టారు. తిమ్మమ్మ ఆ కుండను చూసింది. అడుగున ఇంకా నిప్పు మసి వెచ్చగా ఉండి ఉంటుంది.

బాడుగలు పెరిగినందుకు పన్నులూ తిరగరాశారు. మొదటి నోటీసు వచ్చినప్పుడు ఎదురింటి గుమాస్తా భార్య చదివి పెట్టింది. ఆమెది కోస్తా దేశం. "మీ ఇంటికి నెలకు ముప్పై అయిదు రూపాయల అద్దె వస్తుందని కట్టారండీ పిన్నిగారూ. దాని మీద వేశారు పన్ను" అంది. పన్ను ఎంతో తిమ్మమ్మ వినలేదు. ముప్పై అయిదు దగ్గరే ఆగిపోయింది. సర్కారు ముద్ర కొట్టి మరీ రాసిన కాగితం అది. ఆలూరుకు పంపితే కంబన్న చదువుతాడు. ఐదు ఎక్కడ, ముప్పై అయిదు ఎక్కడ? అప్పుడు ఎవరూ ఆమెను ఏమీ అననక్కరలేదు. కాగితమే అంటుంది.

దాన్ని బొంతలో కాళ్ల వైపు కుట్టేసింది. రెండోదాన్నీ కుట్టేసింది. మూడోదాని మీద ఎర్ర సిరా ఉంది. దాన్ని తెచ్చినవాడు లేవి స్థానంలో కొత్తగా వచ్చిన బొజ్జన్న. వేలిముద్ర వేయమన్నాడు. ఆమె తలుపు వేసుకుంది. అతను తలుపు కిందినుంచి తోసి పోయాడు. దానినీ కుట్టేసింది. అప్పటినుంచి పడుకుంటే పాదాలు చల్లబడిపోతున్నాయి. కాళ్లు చాపితే గరగరమంటుంది. ముడుచుకునే పడుకుంటోంది.

ఈ రోజు బొజ్జన్న ఒక్కడే కాదు, కంబన్న కూడా వస్తున్నాడు. నాలుగు రోజుల కిందట కార్డు వచ్చింది. "శనివారం వస్తాను. ఇంటి సంగతి మాట్లాడేది ఉంది." అంతే. క్షేమం కూడా అడగలేదు.

"అక్కా! యాడుండావు?"

ఓరగా ఉన్న రెక్కను భుజంతో నెట్టుకుని కంబన్న లోపలికి వచ్చాడు. ముప్పై ఏడేళ్ల మనిషి, మీసం గుబురుగా ఉంటుంది. చేతిలో శెనక్కాయల సంచీ.

"ఈడనే ఉండా రా. బస్సు అంత తొందరగా వచ్చెనా?"

"వచ్చె. ఆలూరు నుంచి నిలబడుకోనే వచ్చినా. ముందర మన ఊరి బస్సులో మేకలన్నా కూర్చునేటివి. రాజధాని వచ్చినాంక మనుషులకు కూడా జాగా లేదు."

తిమ్మమ్మ నవ్వింది. తమ్ముడు నవ్వలేదు. అదివరకు వస్తూనే తలపాగా విసిరేసి నేల మీద పడి దొర్లేవాడు. ఇప్పుడు నిలబడి దూలాలు చూస్తున్నాడు, గోడలు చూస్తున్నాడు. ఇల్లు కొనవచ్చినవాడు చూసినట్టు ఉంది ఆ చూపు. కాదు, అమ్మవచ్చినవాడు చూసినట్టు.

"సంగటి వేడిగా ఉండాది. పచ్చడి నూరినా. తింటావా?"

"తర్వాత చూస్తాంలే."

సంగటిని తమ్ముడు వద్దనడం ఆమె ఎన్నడూ ఎరగదు.

అతను వచ్చి బొంత మీద చతికిలబడ్డాడు. బొంత గరగరమంది. కంబన్న కొంచెం లేచి, మళ్లీ కూర్చున్నాడు. మళ్లీ గరగరమంది.

"ఏందక్కా ఇది? బొంతలో ఏం పెట్టినావు, మోదుగాకులా?"

"గంజి చీర. కొత్తది. మెత్తబడలే."

"గంజి అయితే ఇంత అరుస్తాదా?"

"అరుస్తాది. నువ్వు పోయి ఆ పీట మీద కూర్చోపో. నడుము పట్టుకుంటాది నేల మీద."

"నేను నేల మీదనే పెరిగినా గదా" అని అతను కదల్లేదు. మోకాళ్లు చుట్టుకుని కూర్చున్నాడు. తిమ్మమ్మ దారం నోట తడిపి సూదిలోకి ఎక్కించబోయింది. దారం మూడుసార్లు తప్పింది.

"అక్కా" అన్నాడు గోడకేసి చూస్తూ. "ఈ ఇంటికి పన్ను ఎవరు కడతాండారు?"

"ఇల్లు ఎవరిదో వాళ్లు కట్టాల గదా" అంది ఆమె నోరు, ఆమెతో పనిలేకుండా.

"నేను కట్టలే. ఒక్క మారు గూడా కట్టలే. నన్ను ఎవరూ అడగలే."

"అయితే మరిచిపోయిండారేమో."

"సర్కారు మరిచిపోతాదా? మా ఊర్లో చచ్చిన ఎద్దుకు గూడా పన్ను అడుగుతారు." గొంతు తగ్గించాడు. "ఉండేటోళ్లే కట్టాల అంటారు కొందరు. తప్పేముండాదిలే. వీధి దీపం వెలిగేది నీ వాకిట్లో. కొళాయి నీళ్లు పట్టుకునేది నువ్వు. నేను ఆలూరులో చీకట్లో ఉండి ఈడ దీపానికి కట్టాలంటే ఎట్ల?"

"దీపం వీధిదిరా. వీధంతా చూసుకుంటాది దాన్ని. గోడలు ఎవరివి? వానకు ఈ గోడ పడితే పోయేది ఎవరిది?"

"గోడ నాది. నీడ నీది గదా."

"నీడకు గూడా పన్ను వేస్తారా?"

ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. చిన్నప్పుడు చింతపిక్కలాడుతూ పోట్లాడుకున్నట్టే ఉంది. ఆ నవ్వు ఎంతసేపుంటే అంత బాగుండునని తిమ్మమ్మకు అనిపించింది. నవ్వు ఉన్నంతసేపే ధైర్యం చేసి అడిగేసింది:

"అట్లయితే నన్నే కట్టమంటావా? కడతాలే."

కంబన్న నవ్వు ఆగిపోయింది. "వద్దు!" అని లేచి నిలబడ్డాడు. "నువ్వు కట్టొద్దు. ఎప్పటికీ కట్టొద్దు. అర్థమాయెనా?"

అర్థం కాలేదు. ఉండేవాళ్లే కట్టాలని ఇప్పుడే కదా అన్నాడు? కట్టవద్దంటున్నాడంటే ఇక ఉండవద్దంటున్నాడా? ఆ మాట నోటితో అనలేక ఇట్లా తిప్పి చెప్తున్నాడా? ఆమె సూదిని పక్కన పెట్టింది, ఒళ్లోని గుడ్డలు మడత పెట్టసాగింది. ఎదురింటి గోడ మీద ఎండ అరుగు దాకా దిగింది.

బయట గొడుగు మూసిన చప్పుడైంది.

"తిమ్మక్కా" అని పిలిచాడు బొజ్జన్న. వెనకాల ఒక వడ్రంగి, చేతిలో సుత్తీ ఉలీ. ఒక బంట్రోతు. బొజ్జన్న సన్నటి మనిషి, చంకలో ఖాకీ సంచి. లోపల మగమనిషిని చూసి తలుపు దగ్గరే ఆగాడు.

"ఎవరప్పా నువ్వు?" అన్నాడు కంబన్న.

"మున్సిపాలిటీ మనిషిని. నువ్వు..."

"ఆలూరు కంబన్న. ఈ ఇల్లు నాది."

బొజ్జన్న మొహం వికసించింది. "మేలాయె కదప్పా! దేవుడు పంపినట్టు వచ్చినావు. పన్ను బాకీ పడేయి, నేను పోతా. ఈ పని నాకేం ముద్దు కాదు."

"ఏం బాకీ? ఒక మాట చెప్పకుండా, ఒక కాగితం ఇయ్యకుండా, ఉలి పట్టుకోని ఇంటి మీదికి వస్తారా?"

"కాగితం ఇయ్యకుండానా? మూడు నోటీసులు ఇచ్చినాం. మీ అక్కకే ఇచ్చినా."

కంబన్న తిరిగి చూశాడు. "ఏమక్కా?"

"నాకేం రాలే" అంది తిమ్మమ్మ.

జీవితంలో ఏ అబద్ధమూ అంత సులువుగా ఆమె నోట రాలేదు. అన్న తర్వాత చెవుల్లో గాలి హోరు మొదలైంది.

"తిమ్మక్కా!" బొజ్జన్న గొంతు పలచబడింది. "వేలిముద్ర వేయమంటే తలుపు వేసుకుంటివి. నేను తలుపు కిందినుంచి తోసినా. ఎర్ర సిరాది. యాది తెచ్చుకో."

"నాకేం రాలే."

"సరే. నోటీసు మాట తర్వాత. పోయిన ఏటి దాకా ఈ ఇంటికి బాకీ లేదు. ఎవరో కడుతూనే వచ్చినారు. ఎవరు కట్టినారో నాకు తెలీదు, నేను కొత్త. ఈ ఏడే ఆగిపోయింది. ఇల్లు గలాయన కట్టకుంటే ఇంట్లో ఉన్నోళ్ల మీదికి పోవాల, అది రూలు. నాకు ఎవరైనా ఒకటే కంబన్నప్పా. మీలో మీరు తేల్చుకోండి."

కంబన్న ఆ చివరి మాటలు వినలేదు. "ఎవరో కడుతూ వచ్చినారా?" అన్నాడు. తిమ్మమ్మ వైపు ఒక అడుగు వేశాడు. "ఎవరక్కా? నువ్వేనా?"

అవునంటే రశీదులు ఎక్కడ అంటాడు. రశీదులు తీయాలంటే బొంత విప్పాలి. బొంత విప్పితే ఆ చివర ఎర్ర సిరా ఉంది.

"నువ్వే. నువ్వే కట్టినావు. నాకు చెప్పకుండా. ఆలూరులో వకీలు గుమాస్తా చెప్పినాడు, నేనే నమ్మలే! పన్నెండేండ్లు పన్ను రశీదులు చేతిలో పెట్టుకుంటే ఇల్లు ఉండేటోళ్లది అయిపోతాదంట. మా ఇంట్లో ఆమె అనింది, మీ అక్క ఊరికే ఐదు రూపాయలు ఇస్తాందనుకుంటివా అని. తిట్టినా దాన్ని! మూడు రోజులు అన్నం తినలే! రశీదులు ఎవరి పేర ఉండాయి? యాడుండాయి? చూపించు!"

"కంబన్నా..."

"నోటీసు దాచిపెట్టి వేలం దాకా తెచ్చి నువ్వే కొనుక్కుందామనుకుంటివా?"

ఆ మాట అన్న తర్వాత అతనూ భయపడినట్టు నోరు మూసుకున్నాడు. బొజ్జన్న నేల చూశాడు. ఎదురింటి గుమాస్తా భార్య తమ వాకిట్లో బిందె పట్టుకుని నిలబడిపోయింది.

"కానియ్యి" అన్నాడు బొజ్జన్న వడ్రంగితో, ఎటూ చూడకుండా.

వడ్రంగి కుడి రెక్క దగ్గర కూర్చుని బందు మేకుల కింద ఉలి పెట్టాడు. పాత మేకులు. మొదటి దెబ్బకే తుప్పు రాలింది. రెండో దెబ్బకు రెక్క ఒక పక్కకు వాలింది. బంట్రోతు పట్టుకుని గోడకు ఆనించాడు. ద్వారబంధంలో సగం ఖాళీ అయింది. ఆ ఖాళీలోంచి ఎండ, దుమ్ము, వీధి అన్నీ ఒక్కసారిగా లోపలికి వచ్చాయి.

తిమ్మమ్మ ఎప్పుడు లేచిందో ఆమెకే తెలియదు. రెండో రెక్కకు వీపు ఆనించి, చేతులు రెండూ బారచాపి నిలబడింది. గొంతు ఆమెది కాదు. సన్నటి గొంతు, పిల్ల గొంతు.

"వద్దయ్యా! తలుపు తీయొద్దయ్యా! లోపల మా తమ్ముడు పండుకోనుండాడు. పసిబిడ్డయ్యా. కుక్క వస్తాది. కుక్క లోపలికి వస్తాది..."

వడ్రంగి సుత్తి దించాడు.

కంబన్న బొమ్మలా నిలబడ్డాడు. కరువు ఏడు శిస్తు కట్టలేదని ఇంటికి తలుపులు పీక్కుపోయిన కథ అతనికి తెలుసు. అమ్మ చెప్పేది. రెండు నెలలు వాకిలికి చీర కట్టుకుని బతికామనేది. తొమ్మిదేళ్ల మీ అక్క చేతిలో కట్టె పట్టుకుని గడప మీద కూర్చునేదిరా, తెల్లారేదాకా కుక్కలకు కాపలా, పగలంతా కునికిపాట్లు అని నవ్వేది. అతనూ నవ్వేవాడు. అక్కను ఏడిపించడానికి కుక్క కూత కూసేవాడు కూడా. ఆ గడప లోపల పడుకున్న పసిబిడ్డ తానేనని అతనికి ఏనాడూ తోచలేదు.

"అక్కా" అన్నాడు. ఆమె వినలేదు. ఆమె కళ్లు వీధిలో ఎక్కడో, మోకాలెత్తున ఉన్నదేదో చూస్తున్నాయి.

దగ్గరికి వెళ్లి చాచిన చేతుల్ని ఒక్కొక్కటే దించాడు. ఎండుకట్టెల్లా బిగుసుకున్నాయి అవి. "నేనే అక్కా. కంబన్నను. చూడు. నిద్రపోలే, లేచినా. పెద్దోన్నయినా. చూడు."

తిమ్మమ్మ అతని మొహం వైపు చూసింది. మీసం చూసింది. అట్లాగే జారి గడప మీద కూర్చుంది.

కంబన్న నడుముకు కట్టుకున్న గుడ్డ సంచి విప్పి బొజ్జన్న ముందర పెట్టాడు. "విత్తనాలకు తెచ్చిన దుడ్లు. నీకు కావాల్సింది తీసుకో. ఆ రెక్క ముందర బిగించమను."

వడ్రంగి మేకులు వెతుక్కుంటున్నాడు. బొజ్జన్న అరుగు మీద కూర్చుని రశీదు పుస్తకం తీశాడు. కంబన్న వచ్చి బొంత మీద కూలబడ్డాడు. తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

"ఆలూరులో నాదంటూ ఒక చెంబు గూడా లేదక్కా. మంచం మామది. ఎద్దులు మామవి. పొద్దున్నే ఎద్దును కొడితే, నా ఎద్దును ఏమిటికి కొడతావంటాడు. లోకంలో నా పేరు రాసిండేది ఈ ఒక్క ఇంటి మీదనే. అది గూడా పోతాదని ఎవడో అంటే..." తువ్వాలు లోపలినుంచి గొంతు తెగి తెగి వచ్చింది. "నీకు భయపడినా అక్కా. నీకు! బస్సులో వస్తా వస్తా, నువ్వు రశీదులు తీసి మొహాన కొడితే ఏం చేయాల అని అదే అనుకుంటా వచ్చినా."

తిమ్మమ్మ విన్నది. ఇన్నాళ్లూ తానొక్కతే భయపడుతున్నాననుకుంది. కాళ్లు ముడుచుకుని తాను పడుకున్నట్టే, ఆలూరులో మామగారి మంచం మీద వీడూ ముడుచుకునే పడుకున్నాడు. ఒకే ఇంటికోసం, ఒకరికొకరు భయపడుతూ.

"పన్ను ఇంటోడే కట్టాల. నేనే కడతా ఇంక" అన్నాడు కంబన్న మొహం తుడుచుకుంటూ. "నువ్వు ఈడనే ఉండు. ఆ ఐదు రూపాయలు గూడా వద్దు."

"ఐదు రూపాయలు ఇస్తా" అంది తిమ్మమ్మ మెల్లగా.

"ఇయ్యి. నీ మొండి నీది." ముక్కు చీదుకుని లేచాడు. ఏడుపు పోయిన చోట కోపం వచ్చి కూర్చుంది. ఆ కోపానికి ఒక మనిషి కావాలి. అరుగు మీద మనిషి ఉన్నాడు. "నువ్వు మాత్రం తప్పించుకోలేవప్పా బొజ్జన్నా. నోటీసు ఇయ్యకుండా ఆడమనిషి ఇంటి తలుపు పీకినావు. ఇప్పుడే మీ ఆఫీసుకు పోతా. మీ పెద్దసారుతో చెప్పి నీ ఉద్యోగం ఊడబీకిస్తా."

"ఇచ్చినా కంబన్నప్పా. నా పిల్లల మీద ఒట్టు."

"వేలిముద్ర యాడుండాది? చూపించు."

బొజ్జన్న సంచీలో చెయ్యి పెట్టి, ఏమీ తీయకుండానే వెనక్కు తీసుకున్నాడు. "లేదు. వేయనంటే గమ్మున వచ్చేస్తి. నాది ఇంకా పర్మనెంటు కాలేదప్పా. ఆర్నెల్లాయె చేరి. ఈ మాట ఆఫీసులో పడితే..."

"పడనీ. మా అక్క అబద్ధం చెప్పే మనిషి కాదు. ఆమె రాలేదంటే రాలేదు."

తిమ్మమ్మ చెవుల్లో హోరు మళ్లీ మొదలైంది. ఈసారి భయం వీధిలోంచి రాలేదు. తమ్ముడి నమ్మకంలోంచి వచ్చింది. బొజ్జన్న ఆమె వైపు ఒకసారి చూశాడు. తిట్టలేదు, బతిమాలలేదు. రాసిన రశీదు చించి, సిరా ఆరడానికి ఊదుతున్నాడు. వడ్రంగి బిగించిన రెక్క మళ్లీ ద్వారబంధంలో నిలబడింది. తన తలుపు తనకు వచ్చింది. మరి ఈ బొజ్జన్న తలుపు?

ఆమె లేచింది. గూట్లోంచి కత్తెర తెచ్చింది. బొంతను ఈడ్చి తమ్ముడి ముందర పరిచింది. తల వైపు అంచున కుట్లు తెంపి, లోపలికి చెయ్యి పోనిచ్చి కాగితాలు తీసింది. తలబరువుకు అవి మెత్తబడి, గుడ్డపీలికల్లా అయ్యాయి.

"చదువు" అంది.

కంబన్న ఒకటి విప్పాడు. పెదవులు కదిలాయి. "ఇంటి యజమాని, కంబన్న." ఇంకొకటి విప్పాడు. "కంబన్న." మూడోది. నాలుగోది. అన్నిటిలోనూ తన పేరే. లేవి ముసలిరాత వంకర టింకరగా, ఏడేళ్ల పొడుగునా తన పేరే రాసుకుంటూ వచ్చింది. కంబన్న చదవడం ఆపేశాడు. కాగితాలను కళ్లకు అద్దుకుని, అక్క పాదాల దగ్గర తల వంచేశాడు.

"చాలక్కా. ఇంకేం చూపించొద్దు. నా పాపం నాకు కనపడింది. చాలు."

చాలు. నిజంగానే చాలు. ఇక్కడితో ఆగిపోతే తమ్ముడి కళ్లలో ఆమె దేవత. చిరకాలం అట్లాగే ఉండిపోవచ్చు. మళ్లీ సూది తీసుకుని, విప్పిన అంచు కుట్టేసి, రాత్రికి పరుచుకుంటే సరిపోతుంది. కాళ్లు ముడుచుకోవడం ఆమెకు అలవాటే.

బొజ్జన్న రశీదును అరుగు మీద పెట్టి, ఎగరకుండా దాని మీద ఒక రాయి ఉంచి, గొడుగు తీసుకుని మెట్టు దిగాడు.

"బొజ్జన్నా, ఆగు" అంది తిమ్మమ్మ.

బొంతను తిప్పి కాళ్ల వైపు అంచును ఒళ్లోకి లాక్కుంది. అది గరగరమంది. కంబన్న తలెత్తి చూశాడు. కత్తెర మొనను మొదటి కుట్టు కిందికి పోనిచ్చి, ఆమె దారం తెంచింది.